ఆఫీసులో గట్టు తగాదా: ఇరుకు సీట్లో మన చోటు కాపాడుకోవడం ఎలా

మా హాల్లో నా సీటు కిటికీ నుంచి మూడోది. కుర్చీ వెనక్కి లాగితే వెనకాయన కుర్చీకి తగిలేది. ముందుకు జరిగితే కుడి మోకాలు టేబుల్ సొరుగు పిడికి కొట్టుకునేది. రోజుకు పదిసార్లు అదే చోట తగిలి మోకాలి చిప్ప పక్కన కమిలిపోయింది. రెండు నెలలు మందు రాసుకున్నాను. చివరికి ఒకరోజు ఇంటి నుంచి స్క్రూడ్రైవర్ తెచ్చి పిడి ఊడదీసి, ఆ రంధ్రాల్లో ఫైళ్లు కట్టే నాడా గుచ్చి ముడేశాను. ఇప్పుడు నాడా పట్టుకుని సొరుగు లాగుతున్నాను. ఐదు నిమిషాల పని. అందుకే ఇరుకు ఆఫీసుల్లో పనిచేసేవాళ్లకు మొదట చెప్పేది ఇదే: ఎవరినీ అడగక్కర్లేని పనులు ముందు చేసుకోండి. మాట్లాడి తెచ్చుకోవాల్సినవి ఆ తర్వాత.

నేను కర్నూలులో ఒక ప్రైవేటు ఫైనాన్స్ ఆఫీసులో 14 ఏళ్లుగా లెక్కలు చూస్తున్నాను. మా హాలు 30 అడుగుల పొడవు, 20 అడుగుల వెడల్పు. అంటే సెంటున్నర స్థలం కూడా కాదు. నేను చేరినప్పుడు తొమ్మిది మంది ఉండేవాళ్లం. ఆదోని బ్రాంచి మూసేసి అక్కడివాళ్లను ఇక్కడికి పంపాక పదహారు మందిమయ్యాం. దానికి తోడు ఏడు బీరువాలు. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ పొంగి ఊరు మునిగినప్పుడు మా బిల్డింగు కింది అంతస్తులోని ఫైళ్లన్నీ నానిపోయాయట. ఆ భయంతో బీరువాలన్నీ రెండో అంతస్తు హాల్లోకి ఎక్కించారు. నీళ్లు తీసినా బీరువాలు మాత్రం కిందికి దిగలేదు. చోటు చాలని ఆఫీసులు మా ఊరికి కొత్త కాదు. 1953లో కర్నూలు ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయినప్పుడు ఆఫీసులు గుడారాల్లో కూడా నడిచాయి. ఏ క్యాంపు, బీ క్యాంపు, సీ క్యాంపు అనే పేర్లు ఆ రోజులవే. అయితే గుడారం ఎన్నాళ్లో ఉండదని అందరికీ తెలుసు. మా ఇరుకు ఎన్నాళ్లుంటుందో చెప్పేవాళ్లు లేరు.

మాది కోడుమూరు వైపు పల్లె. మా నాన్న సేద్యగాడు. గట్టు తగాదాలు చూస్తూ పెరిగాను. పక్క చేను రైతు ఒక్కసారిగా మన పొలంలోకి రాడు. దున్నినప్పుడల్లా ఒక సాలు ఇటు జరుపుతాడు. ఐదేళ్లకు గట్టు మూడడుగులు కదిలాక గానీ మనకు కనిపించదు. అప్పుడు అరిస్తే ఊరంతా మనల్నే గయ్యాళి అంటుంది. మా నాన్న అరిచేవాడు కాదు. హద్దు రాయి ఎక్కడుందో వెతికేవాడు, దొరక్కపోతే సర్వేయరుతో గొలుసు పట్టించేవాడు. అదీ ఇద్దరు పెద్దమనుషుల ముందు, విత్తనం పడకముందే. ఆఫీసులో చోటు తగాదా అచ్చం ఇలాంటిదే. అందుకే రెండో మాట: టేపు కొనండి. దర్జీలు వాడే గుడ్డ టేపు కాదు, వడ్రంగులు వాడే ఇనుప టేపు.

నా క్యూబికల్, అంటే చుట్టూ పార్టిషన్ పలకలున్న సీటు, ప్లాన్ కాగితంలో 4 అడుగుల వెడల్పు. కొలిస్తే 3 అడుగుల 7 అంగుళాలే వచ్చింది. ఐదు అంగుళాలు ఎటు పోయాయో తెలియలేదు. ఆదివారం స్టాకు లెక్క కోసం వచ్చినప్పుడు నేల మీద కూర్చుని టార్చి వేసి చూశాను. నా పార్టిషన్‌ను ఆనుకుని లోన్ సెక్షన్ వాళ్ల బీరువా ఉంది. దాని అవతల టైలు మీద గుండ్రంగా రెండు తుప్పు మరకలు, బీరువా కాళ్లవి. ఒకప్పుడు అది అక్కడ ఉండేదన్నమాట. ఆ మరకల నుంచి ఇప్పటి కాళ్ల వరకు సరిగ్గా ఐదు అంగుళాలు. మరకలు ఎన్నేళ్లవో గానీ, నాకు అవే హద్దు రాళ్లయ్యాయి.

సోమవారం పొద్దున లోన్ సెక్షన్ అన్నను పిలిచాను.

"అన్నా, ఒక్క నిమిషం ఇట్ల రా. ఈ తుప్పు గుర్తులు చూడు."

"అయ్యో అక్కా, నేనైతే జరపలేదు. తలుపు తగులుతుందని అటెండర్ జరిపినట్లుండాడు."

"ఎవరు జరిపినారని అడగడం లేదన్నా. తలుపు ఎక్కడ తగులుతాందో చూద్దాం."

చూస్తే బీరువా తలుపు ఆయన టేబుల్ పక్కన నేల మీదున్న సీపీయూకు తగులుతోంది. సీపీయూను టేబుల్ మీద మానిటర్ వెనక నిలబెట్టాం. అటెండర్, నేను, ఆయన కలిసి బీరువాను పాత మరకల మీదికి నెట్టాం. అరగంటలో అయిపోయింది. ఇక్కడ నేను గట్టిగా నమ్మేది ఒకటుంది. చోటు ఆక్రమించేవాళ్లలో ఎక్కువమంది మన మీద కోపంతో చేయరు. వాళ్లకూ ఎక్కడో ఏదో తగులుతుంటుంది. ఆ తగిలేదేదో కనిపెట్టి ముందు అది తీయండి. అది తీయకుండా బీరువా వెనక్కి నెట్టిస్తే నెలలోపు మళ్లీ మీ వైపే వస్తుంది.

మాట్లాడేటప్పుడు అంగుళాల్లో మాట్లాడండి. "నన్ను పట్టించుకోరు", "నేనంటే లెక్కలేదు" అంటే ఎదుటివాళ్లు మన మనసు గురించి వాదిస్తారు. "ఐదు అంగుళాలు తగ్గింది" అంటే టేపు గురించే మాట్లాడాలి. అందరి ముందూ భోజనాల దగ్గర ఎత్తకండి, నెలాఖరు కలెక్షన్ టెన్షన్లో అసలు ఎత్తకండి. నెల మొదటి వారం, పొద్దున, ఇద్దరే ఉన్నప్పుడు మంచిది. ఒప్పుకున్నాక నేల మీద సన్నగా రంగు టేపు అంటించండి, ఇద్దరూ ఉండగానే.

ఇక టేబుల్ లోపలి సంగతి. చిన్న క్యూబికల్లో మానిటర్‌ను ఎదురుగా పెడితే మరీ ముఖం మీదికి వస్తుంది. మూలకు జరిపి ఐమూలగా పెట్టుకుంటే చెయ్యి చాచినంత దూరం దొరుకుతుంది. కీబోర్డు ముందు మోచేతులు ఆనడానికి చోటు కూడా మిగులుతుంది. ఇంటీరియర్ డిజైన్ చదివే మా అబ్బాయి ఇదే విషయం ఇంకోలా చెప్పాడు. అమెరికాలో హెర్మన్ మిల్లర్ కంపెనీ కోసం రాబర్ట్ ప్రాప్స్ట్ అనే ఆయన 1968లో తెచ్చిన పార్టిషన్ల పద్ధతి నుంచే ఈ క్యూబికల్స్ వచ్చాయట. ఆయన అనుకున్నది 120 డిగ్రీల కోణంలో విచ్చుకుని ఉండే సీట్లు. కంపెనీలు ఎక్కువమందిని పట్టించడానికి వాటిని 90 డిగ్రీల పెట్టెలుగా మార్చేశాయి. పెట్టెను మనం విప్పలేం గానీ, మూలకు తిరిగి కూర్చుంటే ఆ కోణం కొంత దక్కుతుంది. మానిటర్ పై అంచు కంటి ఎత్తుకు రావాలి. దానికి రెండు కాగితం రీములు చాలు, ఒక్కోటి రెండు అంగుళాల మందం ఉంటుంది. ఇరవై నిమిషాలకోసారి ఇరవై సెకన్ల పాటు ఇరవై అడుగుల దూరం చూడమంటారు కంటి డాక్టర్లు. మా హాలు వెడల్పే 20 అడుగులు, అందుకని నేను కిటికీలోంచి ఎదురింటి నీళ్ల ట్యాంకు వైపు చూస్తాను.

అసలు చోటు మాత్రం టేబుల్ మీద దొరకదు, కాగితాల్లో దొరుకుతుంది. ఒక బీరువాకు దాని అడుగు, తలుపు తెరిచే జాగా కలిపి 9 చదరపు అడుగులు పోతాయి. ఏడు బీరువాలంటే 63. మా క్యూబికల్ ఒకటి 20 చదరపు అడుగులు. అంటే ముగ్గురు మనుషుల చోట్లో కాగితాలు కూర్చున్నాయి. కంపెనీల చట్టం ప్రకారం లెక్కల పుస్తకాలు, వోచర్లు 8 ఆర్థిక సంవత్సరాలు ఉంచాలి. మా బీరువాల్లో 2009 వరదకు ముందువీ ఉన్నాయి, పురుగులు కొట్టి. జాబితా రాసి, నడుస్తున్న లోన్లవీ కోర్టు కేసులవీ పక్కకు తీసి, మిగతావి తీసేయడానికి హెడ్ ఆఫీసు నుంచి రాతపూర్వకంగా అనుమతి తెప్పించాం. ఆ అనుమతి లేకుండా ఒక్క కాగితం కూడా ముట్టుకోవద్దు. రెండు నెలల శనివారాలు పట్టింది. ఏడు బీరువాలు నాలుగయ్యాయి. ఒక హెచ్చరిక: పాత పేపర్ల కొట్టుకు వేయకండి. వాటిలో కస్టమర్ల ఆధార్ కాపీలు, సంతకాలు ఉంటాయి. అవి రేపు ఉగ్గాని బజ్జీ బండి దగ్గర పొట్లాలై తేలితే ఎవరు జవాబు చెప్పాలి? ముక్కలు చేసే మిషన్ అద్దెకు తెచ్చి మా కళ్ల ముందే కత్తిరించాం.

మేనేజర్ దగ్గరికి వెళ్లేటప్పుడు ఒక్క కాగితం తీసుకెళ్లండి, దాని మీద హాలు బొమ్మ, కొలతలు ఉండాలి. నేను ఒక లెక్క కూడా రాశాను. మా హాలు ఎత్తు 10 అడుగులు, మొత్తం 6000 ఘనపుటడుగులు, అంటే సుమారు 170 ఘనపు మీటర్లు. 2025 దాకా అమల్లో ఉన్న 1948 ఫ్యాక్టరీల చట్టం కొత్త కర్మాగారాల్లో ఒక్కో కార్మికుడికి 14.2 ఘనపు మీటర్ల చోటు ఉండాలనేది. ఆ లెక్కన మా హాలు దాదాపు పన్నెండు మందికి సరిపోతుంది. "సార్, మనది ఫ్యాక్టరీ కాదు, ఈ చట్టం మనకు వర్తించదు. మిషన్ల దగ్గర మనిషికి ఇంత గాలి కావాలన్నారు, మనం పదహారు మందిమి కూర్చున్నాం, చూడండి సార్" అన్నాను. ఆయన కాగితం చాలాసేపు చూశారు. పరిష్కారం కూడా అదే కాగితం మీద ఉంది. కలెక్షన్‌కు తిరిగే ఐదుగురు సాయంత్రం నాలుగు దాకా ఆఫీసులోనే ఉండరు. వాళ్లకు ఐదు టేబుళ్ల బదులు రెండు టేబుళ్లు, ఒక్కొక్కరికి తాళం ఉన్న సొరుగు ఇస్తే మూడు సీట్ల చోటు మిగులుతుంది. సొరుగు తాళం ముఖ్యం. టేబుల్ పోయినా తనదంటూ తాళం వేసుకునే చోటు ఒకటి ఉంటే మనిషికి అవమానం అనిపించదు. ముందు ఆ ఐదుగురినీ అడిగి, వాళ్లు సరేనన్నాకే సార్ దగ్గరికి వెళ్లాను. వాళ్లను అడగకుండా వెళ్లి ఉంటే నేనే సాలు జరిపినదాన్ని అయ్యేదాన్ని.

ఏసీ సంగతి త్వరగా చెప్తాను. ఒక్క ఏసీ ఉన్న హాల్లో దాని కింద కూర్చున్నవాళ్లకు చలి, చివరివాళ్లకు చెమట. రిమోట్ కోసం కొట్లాడేకన్నా చివరన ఒక గోడ ఫ్యాను పెట్టించండి, మన ఏప్రిల్, మే ఎండలకు రెండూ కావాలి. ఫోన్లో గట్టిగా మాట్లాడేవాళ్లకు వరండా చూపించండి.

కిటికీ సీటు సీనియారిటీతో ఇస్తారు చాలాచోట్ల. అది తప్పని నా అభిప్రాయం. రోజంతా కదలకుండా కూర్చునేవాళ్లకు, కడుపుతో ఉన్నవాళ్లకు, కీళ్ల నొప్పులున్నవాళ్లకు ముందు ఇవ్వాలి. ఆదోని నుంచి వచ్చినవాళ్లను మొదట్లో బాత్రూం తలుపు పక్కనే కూర్చోబెట్టారు. ఒకమ్మాయి ఆ వాసనకు మధ్యాహ్నం అన్నం తినేది కాదు. ఆర్నెల్లకోసారి సీట్లు మార్చాలని అడిగి సాధించాం. ఇప్పుడు ఆ బాత్రూం పక్క సీట్లో అందరూ కూర్చుంటున్నారు కాబట్టి తలుపుకు స్ప్రింగు, లోపల ఎగ్జాస్ట్ ఫ్యాను తొందరగానే వచ్చాయి.

ఆడవాళ్లకు ఒక మాట. ఇరుకు కదా అని ఎవరైనా కుర్చీ మీదికి వంగి ఫైలు అందుకోవడం, దారి లేదన్నట్టు రాసుకుని పోవడం చేస్తుంటే దాన్ని చోటు సమస్యగా చూడకండి. ఒకసారి స్పష్టంగా "జరిగి నిలబడండి" అనండి. ఆగకపోతే తేదీ, సమయం రాసి పెట్టుకోండి. పది మంది, అంతకు మించి పనిచేసే ప్రతి చోటా 2013 చట్టం ప్రకారం అంతర్గత కమిటీ ఉండాలి, దానికి రాతపూర్వకంగా ఇవ్వండి. అలాంటి సీటు పక్కన అంగుళాలు కొలుచుకుంటూ ఓర్చుకోవాల్సిన పని లేదు.

టేపు నా సొరుగులోనే ఉంటుంది. కొత్తవాళ్లు చేరుతున్నారని తెలిస్తే ముందురోజు సాయంత్రం అటెండర్‌తో కలిసి వాళ్ల సీటు కొలుస్తాను. కుర్చీ వెనక రెండు అడుగులుందా, ప్లగ్ పాయింటు అందుతుందా, సొరుగు పిడి మోకాలికి తగులుతుందా చూస్తాను. బీరువాలో ఒక అర ఖాళీ చేయించి పేరు రాసి అంటిస్తాను. పిడి తగిలేట్టుంటే నాడా కట్టేస్తాను.