మిడ్‌సైజ్ సెడాన్ కొనే ముందు ఎలా చూసుకోవాలి? వెనక సీటు దగ్గర మొదలుపెట్టండి

కుటుంబం కోసం సెడాన్ (వెనక విడిగా డిక్కీ ఉండే కారు) కొందామని షోరూమ్‌కి వెళ్లినవాళ్లు దాదాపు అందరూ ముందుగా డ్రైవర్ సీట్లోనే కూర్చుంటారు. స్టీరింగ్ పట్టుకుని చూస్తారు, టచ్‌స్క్రీన్ నొక్కి చూస్తారు, సన్‌రూఫ్ తెరిపించుకుంటారు. బండి నచ్చేస్తుంది. ఆ సీట్లో కూర్చుంటే ఏ కొత్త బండైనా నచ్చుతుంది. కానీ హ్యాచ్‌బ్యాక్‌ని కాదని సెడాన్‌కి మనం అదనంగా పోసే లక్షలు వెనక సీటు కోసం, డిక్కీ కోసం, హైవే మీద నిలకడ కోసం. అందుకే ఈ బండ్లను వెనక నుంచి ముందుకు చూసుకుంటూ రావాలి. అదీ ఇంటిల్లిపాదినీ ఎక్కించుకుని చూడాలి.

మారుతి సియాజ్ 2025లో ఆగిపోయాక ఈ తరగతిలో మన దగ్గర ప్రధానంగా వినిపించే పేర్లు నాలుగు: హోండా సిటీ, హ్యుందాయ్ వెర్నా, స్కోడా స్లావియా, ఫోక్స్‌వ్యాగన్ వర్టస్. చివరి రెండూ ఒకే ప్లాట్‌ఫామ్ (అడుగు నిర్మాణం) మీద, ఒకే ఇంజిన్లతో తయారైనవి. వాటి మధ్య తేల్చుకోవాల్సింది రూపం, డీలరు, చేతికొచ్చే ధర, అంతే.

షోరూమ్‌కి వెళ్లకముందు

ఈ నాలుగూ నాలుగున్నర మీటర్లు దాటిన బండ్లే. స్లావియా 4,541 మిల్లీమీటర్లు, వెర్నా 4,535. పాత అపార్ట్‌మెంట్ సెల్లార్లలో పార్కింగ్ స్థలం ఇంత పొడవుకి అనుకుని గీసింది కాదు. టేపు తీసుకెళ్లి మీ స్థలం పొడవు, పిల్లర్ల మధ్య వెడల్పు కొలవండి. వెడల్పు కొలిచేటప్పుడు తలుపు తీసి మనిషి దిగే జాగా కూడా కలుపుకోండి.

తర్వాత, వెనక సీట్లో ఎక్కువగా కూర్చునేది ఎవరో రాసుకోండి. స్కూలు పిల్లలా, డెబ్బై దాటిన అమ్మానాన్నలా, పాపాయి కోసం చైల్డ్ సీటు బిగించాలా? సొంతూరికి ఎన్ని నెలలకోసారి వెళ్తారు, ఆఖరి పది కిలోమీటర్ల రోడ్డు ఎలా ఉంటుంది? ఆ రోడ్డు గుంతలమయమై, ఇంట్లో పెద్దవాళ్లకి మోకాళ్ల నొప్పులుంటే సెడాన్ మీకు సరైన బండి కాకపోవచ్చు. ఎత్తుగా ఉండే ఎస్‌యూవీనే చూడండి. ఈ మాట షోరూమ్‌లో ఎవరూ చెప్పరు కాబట్టి ఇంటి దగ్గరే తేల్చుకోవడం మంచిది.

వెనక సీటు

షోరూమ్‌లో డిస్‌ప్లేకి పెట్టిన బండిలో ముందు సీటు బాగా ముందుకి జరిపి ఉండొచ్చు. అలా ఉంటే వెనక ఎంతో చోటున్నట్టు కనిపిస్తుంది. ముందుగా డ్రైవర్ సీటుని మీరు బండి నడపడానికి ఎంత వెనక్కి కావాలో అంత జరుపుకోండి. ఇప్పుడు దిగి సరిగ్గా ఆ సీటు వెనక కూర్చోండి. మోకాలికీ ముందు సీటుకీ మధ్య ఎంత ఖాళీ ఉంది, పాదాలు ముందు సీటు కిందికి దూరుతున్నాయా, తల పైకప్పుకి తగులుతోందా చూడండి. సెడాన్ల పైకప్పు వెనక్కి వాలి ఉంటుంది. వెర్నాలో ఆ వాలు మరీ ఎక్కువ. ఇంట్లో పొడుగ్గా ఉన్న మనిషి కూర్చుంటేనే అసలు సంగతి తెలుస్తుంది.

పెద్దవాళ్లను తప్పనిసరిగా తీసుకెళ్లండి. ఎక్కడం, దిగడం నాలుగైదుసార్లు చేయించండి. సీటు కిందికి ఉంటుంది కాబట్టి కూర్చోవడం సులువే, లేవడమే కష్టం. దిగేటప్పుడు తలుపు అంచు పట్టుకుని వేలాడాల్సి వస్తోందా, పమిట చెంగు తలుపు కింది భాగానికి రాసుకుంటోందా గమనించండి. సీటు అడుగు భాగం తొడలకు ఆసరా ఇవ్వకపోతే ఆ ఐదు నిమిషాల్లో తెలియదు, హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్లేసరికి నడుము చెబుతుంది. అందుకే కనీసం పావుగంట కదలకుండా కూర్చోబెట్టండి.

మధ్యలో కూర్చునే మూడో మనిషిని ఎవరూ పట్టించుకోరు. స్లావియా, వర్టస్‌లలో మధ్యలో నేల బాగా ఉబ్బెత్తుగా ఉంటుంది. అక్కడ కూర్చున్నవాళ్లు కాళ్లు చెరోపక్క పెట్టుకోవాల్సిందే. ఆ మధ్య సీటుకి భుజం మీదుగా వచ్చే మూడు బిందువుల బెల్టు, తలకి ఆసరా ఉన్నాయో లేదో మీరు కొనే వేరియంట్‌లోనే చూడండి. చైల్డ్ సీటు ఉంటే దాన్ని షోరూమ్‌కే పట్టుకెళ్లి ఐసోఫిక్స్ కొక్కేలకు బిగించి చూడండి.

డిక్కీ

కాగితం మీద సిటీకి 506 లీటర్లు, స్లావియాకి 521, వెర్నాకి 528. మూడూ పెద్ద డిక్కీలే. ఈ తేడాలు చూసి బండి ఎంచుకోవద్దు. చూడాల్సింది నోరు ఎంత వెడల్పుంది, గడప ఎంత ఎత్తులో ఉంది అన్నది. పాతిక కిలోల బియ్యం బస్తా ఎత్తి లోపల పెట్టాలంటే నడుం ఎంత వంచాలో ఊహించుకోండి. డిక్కీ మూత మూసేటప్పుడు వంపు తిరిగిన కడ్డీలు లోపలికి దిగుతాయి, వాటి కింద పెద్ద సూట్‌కేసు నలుగుతుంది. ఇంట్లో ఉన్న అతిపెద్ద సూట్‌కేసుని తీసుకెళ్లి పెట్టి మూసి చూడండి, మొహమాటం వద్దు.

సిటీ హైబ్రిడ్ (పెట్రోల్ ఇంజిన్‌తో పాటు బ్యాటరీ, మోటారు ఉండే రకం) చూస్తున్నవాళ్లకు ఇది ఇంకా ముఖ్యం. బ్యాటరీ వెనక ఉండటంతో అందులో డిక్కీ 306 లీటర్లకు తగ్గిపోతుంది. సంక్రాంతికి నలుగురి బట్టలతో వెళ్లి అరిసెల డబ్బాలు, బియ్యం, కొబ్బరికాయలతో తిరిగొచ్చే కుటుంబానికి ఇది చిన్న తేడా కాదు.

టెస్ట్ డ్రైవ్: ఐదుగురితో

ఒక్కరే వెళ్లి నడిపితే ఏ ఇంజినైనా హుషారుగానే ఉంటుంది. ఇంటివాళ్లు నలుగురు, షోరూమ్ మనిషి ఒకరు, మొత్తం ఐదుగురు ఎక్కాలి. ఎండాకాలమైతే మధ్యాహ్నం రెండింటికి అపాయింట్‌మెంట్ అడగండి. ఎండలో నిలబెట్టిన బండిలో ఏసీ వెనక సీటు దాకా ఎంతసేపటికి చల్లబరుస్తుందో మన ప్రాంతంలో అంతకంటే మంచి పరీక్ష లేదు. వాళ్లు చెప్పే నున్నటి మెయిన్ రోడ్డు కాకుండా మీ కాలనీ దారి పట్టించండి.

కాలనీలో ఎత్తైన స్పీడ్ బ్రేకర్ ఎక్కడుందో మీకు తెలుసు. ఐదుగురితో దాని మీదకి మెల్లగా ఎక్కించి చెవులు రిక్కించండి. స్లావియా, వర్టస్‌లకు కంపెనీ చెప్పే గ్రౌండ్ క్లియరెన్స్ (నేలకీ బండి అడుగుకీ మధ్య ఖాళీ) 179 మిల్లీమీటర్లు, కానీ అది ఖాళీ బండికి. జనం ఎక్కాక వెనక భాగం కిందికి దిగుతుంది. బండి పొడుగు కాబట్టి సెల్లార్ ర్యాంప్ మొదట్లో ముందు బంపర్ గీసుకుంటుందేమో, ర్యాంప్ మీద ఆపి మళ్లీ కదిలిస్తే వెనక్కి జారుతుందేమో కూడా చూడండి. ఇది చేయకుండా బుకింగ్ డబ్బు కట్టొద్దని గట్టిగా చెబుతాను.

ఇంజిన్ విషయంలో శక్తిని చెప్పే పీఎస్‌ల అంకె కన్నా, బండిని లాగే బలం (టార్క్, ఎన్‌ఎంలలో చెబుతారు) ఏ ఆర్పీఎంలో, అంటే ఇంజిన్ ఎంత వేగంగా తిరిగినప్పుడు అందుతుందో చూడటం ఉపయోగం. సిటీ 1.5 లీటర్ పెట్రోల్ 121 పీఎస్, 145 ఎన్‌ఎం ఇస్తుంది. స్లావియా 1.0 లీటర్ టర్బో (గాలిని ఒత్తి ఇంజిన్‌లోకి పంపే రకం) 115 పీఎస్‌లే, కానీ 178 ఎన్‌ఎం, అదీ తక్కువ ఆర్పీఎంలోనే. వెర్నా టర్బో అయితే 160 పీఎస్, 253 ఎన్‌ఎం. నిండు లోడుతో హైవే మీద లారీని దాటేటప్పుడు టర్బో బండి తేలిగ్గా లాగేస్తుంది. సిటీ ఇంజిన్‌ని ఆర్పీఎం పెంచి పరిగెత్తించాలి, కానీ ఊళ్లో మెల్లగా వెళ్లేటప్పుడు అంత సాఫీగా నడిచే ఇంజిన్ అరుదు. చిన్న టర్బోలో రెండో గేరులో మెల్లగా వెళ్తూ ఒక్కసారిగా యాక్సిలరేటర్ తొక్కితే ఒక క్షణం తటపటాయిస్తుంది, ఆ తర్వాతే దూకుతుంది. అది మీకు చిరాకు పుట్టిస్తుందో లేదో నడిపితేనే తెలుస్తుంది.

ఆటోమేటిక్ తీసుకునేవాళ్లు అది ఏ రకం ఆటోమేటిక్ అని అడగాలి. సిటీలో, వెర్నా మామూలు 1.5 ఇంజిన్‌లో సీవీటీ, అంటే గేర్ల మెట్లు లేకుండా సాగే రకం, వస్తుంది. ట్రాఫిక్‌లో వెన్నలా ఉంటుంది, గట్టిగా తొక్కితే మాత్రం ముందు శబ్దం, తర్వాత వేగం. స్లావియా 1.0లో టార్క్ కన్వర్టర్ (క్లచ్ బదులు ద్రవంతో పనిచేసేది), 1.5లో డ్యూయల్ క్లచ్ (రెండు క్లచ్‌లతో గేర్లు మార్చేది). వెర్నా టర్బోలోనూ డ్యూయల్ క్లచే. డ్యూయల్ క్లచ్‌తో హైవే మీద గేరు ఎప్పుడు మారిందో కూడా తెలియదు. కానీ కూకట్‌పల్లి లాంటి చోట అంగుళం అంగుళం కదిలే ట్రాఫిక్‌లో కుదుపు తెలుస్తుంది. రోజూ అలాంటి దారిలో ఆఫీసుకి వెళ్లేవాళ్లకి నా ఓటు సీవీటీకి గానీ టార్క్ కన్వర్టర్‌కి గానీ.

తిరిగొచ్చేటప్పుడు మీరు వెనక సీట్లోకి మారి ఇంట్లో ఇంకెవరికైనా స్టీరింగ్ ఇవ్వండి. గతుకులు వెనక ఎలా తెలుస్తున్నాయి, 80 దాటాక గాలి చప్పుడు, టైర్ల చప్పుడు మాటలకు అడ్డొస్తున్నాయా అన్నది అక్కడ కూర్చున్నవాళ్లకే తెలుస్తుంది.

భద్రత: నక్షత్రాల వెనక ఏముందో చదవండి

2023లో, కార్లను ఢీకొట్టించి చూసే గ్లోబల్ ఎన్‌క్యాప్ పరీక్షల్లో వెర్నా, స్లావియా, వర్టస్ మూడూ ఐదు నక్షత్రాలు తెచ్చుకున్నాయి. పెద్దల రక్షణలో స్లావియా, వర్టస్‌లకు 34కి 29.71, వెర్నాకి 28.18. చాలామంది అక్కడితో ఆపేస్తారు. ఆ నివేదికల్లోనే ఇంకో మాట ఉంది: ఢీకొన్న తర్వాత స్లావియా, వర్టస్ బాడీ స్థిరంగా ఉందని, వెర్నా బాడీ అస్థిరంగా ఉందని రాశారు. అంటే అంతకన్నా గట్టి దెబ్బని తట్టుకునే మిగులు బలం అందులో తక్కువ. వెర్నా చెడ్డ బండి అని దీనర్థం కాదు. 2023లో వచ్చినప్పటి నుంచీ అన్ని వేరియంట్లలో ఆరు ఎయిర్‌బ్యాగులు ఇస్తోంది. అన్నింటికీ ఐదు నక్షత్రాలే కదా అని సరిపెట్టుకోకుండా నివేదిక తెరిచి చదవాలన్నదే నా మాట. మన భారత్ ఎన్‌క్యాప్ 2023 అక్టోబరు నుంచి అమల్లో ఉంది, మీరు చూసే బండి ఫలితం వచ్చిందేమో అందులోనూ వెతకండి. సన్‌రూఫ్ ఉన్న వేరియంట్‌కా, భద్రతా పరికరాలన్నీ ఉన్న వేరియంట్‌కా అన్న ప్రశ్న వస్తే రెండోదే తీసుకోండి.

మైలేజీ లెక్క

బ్రోచర్‌లోని అంకె ల్యాబులో రోలర్ల మీద నడిపి తీసింది. దాన్ని రెండు బండ్లను పోల్చడానికి వాడండి, నెల ఖర్చు లెక్కకి వాడకండి. అదే బండి ఉన్న ఇరుగుపొరుగుని అడగండి, కానీ డ్యాష్‌బోర్డు చూపించే అంకె కాకుండా ట్యాంకు నింపి, మళ్లీ నింపి లెక్కేసిన అంకె అడగండి.

హైబ్రిడ్ కిట్టుబాటవుతుందా అన్నది ఇలా చూడొచ్చు. నెలకు 1,000 కిలోమీటర్లు ఊళ్లోనే తిరుగుతారనుకుందాం. పెట్రోల్ బండి లీటరుకి 12, హైబ్రిడ్ 20 ఇస్తే, ఒకటి 83 లీటర్లు తాగుతుంది, ఇంకోటి 50. తేడా 33 లీటర్లు. లీటరు 107 రూపాయల చొప్పున నెలకు దాదాపు 3,500 మిగులుతుంది. రెండు బండ్ల ఆన్-రోడ్ (పన్నులు, ఇన్సూరెన్స్ అన్నీ కలిపిన) ధరల తేడాని ఈ 3,500తో భాగిస్తే ఎన్ని నెలలకు డబ్బు తిరిగొస్తుందో తేలిపోతుంది. మీ తిరుగుడు నెలకు 500 కిలోమీటర్లే అయితే ఆ నెలలు రెట్టింపు.

ధర కాగితం

కొటేషన్ ప్రతి వరుసా విడివిడిగా రాయించుకోండి. 2025 సెప్టెంబరు 22 నుంచి ఈ సైజు పెట్రోల్ కార్ల మీద పన్ను సెస్‌తో కలిపి 45 శాతం నుంచి 40 శాతం జీఎస్టీకి దిగింది, కాబట్టి అంతకుముందు రాసిన ధరలు ఎక్కడ చూసినా నమ్మకండి. ఎక్స్-షోరూమ్ ధర (రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్స్ కలపనిది) 10 లక్షలు దాటితే 1 శాతం టీసీఎస్ (అమ్మేవాళ్లే ముందుగా వసూలు చేసే ఆదాయపన్ను) వేస్తారు. అది పోయిన డబ్బు కాదు, ఇన్‌కంటాక్స్ రిటర్ను వేసేటప్పుడు సర్దుబాటవుతుంది, మిగిలితే రీఫండ్ వస్తుంది. లైఫ్ టాక్స్ ధరని బట్టి శ్లాబు మారుతుంది. మీ పేరు మీద ఇప్పటికే కారుంటే ఇంకాస్త ఎక్కువ పడుతుందేమో ముందే అడగండి. బెంగళూరులోనో చెన్నైలోనో ఉద్యోగం చేస్తూ సొంతూళ్లో రిజిస్టర్ చేయించుకుంటే, 12 నెలలు దాటి అక్కడ వాడేటప్పుడు మళ్లీ రిజిస్ట్రేషన్ తప్పదని గుర్తుంచుకోండి.

ఇన్సూరెన్స్ డీలర్ దగ్గరే తీసుకోవాలన్న నియమం లేదు. బయట కొటేషన్ తెచ్చి చూపిస్తే చాలాసార్లు వాళ్లే తగ్గిస్తారు. కొత్త కారుకి మూడేళ్ల థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ (ఎదుటివాళ్లకి జరిగే నష్టానికి) తప్పనిసరి. 2022లో ఖరారైన రేట్ల ప్రకారం వెయ్యి సీసీ లోపు ఇంజిన్‌కి అది 6,521 రూపాయలు, వెయ్యి నుంచి 1,500 సీసీకి 10,640, జీఎస్టీ అదనం. స్లావియా, వర్టస్‌ల 1.0 ఇంజిన్ 999 సీసీయే. పాత కారు అమ్మేస్తుంటే దాని నో క్లెయిమ్ బోనస్‌ని కొత్త పాలసీకి మార్చుకోండి. బోనస్ మనిషిది, బండిది కాదు. వరుసగా ఐదేళ్లు క్లెయిమ్ లేకపోతే ఓన్ డ్యామేజ్ (మన బండి నష్టానికి కట్టే) ప్రీమియంలో 50 శాతం దాకా తగ్గుతుంది. హ్యాండ్లింగ్ చార్జీలని కనిపిస్తే దేనికో రాతపూర్వకంగా అడగండి, కొట్టేయమనండి.

సర్వీస్ సెంటర్ మీ ఊరికి ఎంత దూరమో చూసుకోండి. జిల్లా కేంద్రాల్లో ఈ తేడా పెద్దది. అక్కడి స్పేర్స్ కౌంటర్‌లో హెడ్‌ల్యాంపు, ముందు బంపర్, సైడ్ మిర్రర్ ధరలు అడిగి రాసుకుంటే రెండు బండ్ల మధ్య నిర్ణయం ఇంకాస్త తేలికవుతుంది.

డెలివరీకి ముందు

దసరాకో ధనత్రయోదశికో ముహూర్తం పెట్టుకుని సాయంత్రం గుంపులో డెలివరీ తీసుకుంటే బండిని చూసే తీరిక ఉండదు. రిజిస్ట్రేషన్‌కి కాగితాలు వెళ్లకముందే, పగటి వెలుగులో, యార్డుకి వెళ్లి మీకు కేటాయించిన బండిని చూడండి. ఇన్వాయిస్‌లోని ఛాసిస్ నంబరు, బండి మీది నంబరు ఒకటేనా సరిపోల్చండి. తయారైన నెల అడిగి రాయించుకోండి. టైరు పక్కన నాలుగంకెల సంఖ్య ఉంటుంది: 3425 అంటే 2025లో 34వ వారం. ఐదో టైరుకి, అంటే స్టెప్నీకి కూడా చూడండి. బానెట్, తలుపులు, బంపర్ల మధ్య సందులు రెండు పక్కలా సమానంగా ఉన్నాయా, పక్కనుంచి చూస్తే పెయింట్ మీద అలలు కనిపిస్తున్నాయా, అద్దాలన్నింటి మీదా ఒకే ఏడాది ముద్ర ఉందా పరిశీలించండి.

బండి తయారై ఆరు నెలలు దాటితే వేరే బండి అడగండి, లేదంటే దానికి తగ్గ డిస్కౌంట్ రాతలో తీసుకోండి. అన్నీ సరిపోయాకే పరిశీలన కాగితం మీద సంతకం పెట్టి మిగతా డబ్బు కట్టండి. ముహూర్తం రోజున ఇక నిమ్మకాయలు తొక్కించి ఇంటికి తెచ్చుకోవడమే.