మూలాలు తీయకుండానే లెక్క తేల్చడం ఎలా?

హసన్‌పర్తి వైపు 150 గజాల ప్లాటు ఒకటి చూశారనుకోండి, నాలుగు మూలలూ సరిగ్గా ఉన్న ప్లాటే, చుట్టూ ప్రహరీ 150 అడుగులు పడుతుందని మేస్త్రీ చెప్పాడు. మరి వెడల్పెంత, పొడవెంత? మనం గజం అనేది చదరపు గజాన్నే, అంటే 9 చదరపు అడుగులు, కాబట్టి వైశాల్యం 1350. ప్రహరీలో సగం 75. రెండు భుజాలు కలిపితే 75, గుణిస్తే 1350. వర్గ సమీకరణం చేతికొచ్చేసింది: ఎక్స్² − 75ఎక్స్ + 1350 = 0. దీన్ని నిజం చేసే రెండు ఎక్స్ విలువలే దాని మూలాలు, మన ప్లాటుకు అవే భుజాలు.

ఎక్స్² గుణకం ఏ, ఎక్స్ గుణకం బి, స్థిర పదం సి అయితే మూలాల మొత్తం −బి/ఏ, లబ్ధం సి/ఏ. ఆ మైనస్ ఎందుకో బట్టీ పట్టకండి. మూలాలు ఆల్ఫా, బీటా అనుకుని (ఎక్స్ − ఆల్ఫా)(ఎక్స్ − బీటా) ఒకసారి విప్పి చూడండి, మధ్య పదంలో మొత్తం మైనస్‌తో వస్తుంది, చివర లబ్ధం ప్లస్‌తోనే ఉంటుంది.

ఇక అసలు లాభం ఇక్కడుంది. మేస్త్రీ మూలమట్టం చూసుకోవడానికి కర్ణం కొలత అడిగితే భుజాలు తెలియక్కర్లేదు, ఎందుకంటే కర్ణం వర్గం ఆల్ఫా² + బీటా², అంటే మొత్తానికి వర్గం కట్టి అందులోంచి లబ్ధానికి రెట్టింపు తీసేయడమే: 5625 − 2700 = 2925, దాని వర్గమూలం దాదాపు 54 అడుగుల 1 అంగుళం. భుజాలే కావాలంటే ఆ మొత్తం వర్గంలోంచి లబ్ధానికి నాలుగు రెట్లు తీయండి, 225 మిగులుతుంది, అది భుజాల తేడాకి వర్గం, అంటే తేడా 15. మొత్తం 75, తేడా 15, ఇంకేముంది, 45, 30. కారణాంకాల కోసం తడుముకునే పనే లేదు.

ఎక్స్² ముందు 1 కాకుండా వేరే అంకె ఉంటే దాంతో భాగించడం చాలామంది మర్చిపోతారు, టెన్త్‌లోనూ ఎప్‌సెట్‌లోనూ మార్కులు పోయేది అక్కడే. 3ఎక్స్² + 5ఎక్స్ − 2 = 0 లో మొత్తం −5/3, లబ్ధం −2/3. లబ్ధం మైనస్ వచ్చిందంటే ఒక మూలం ధనం, ఒకటి రుణం అని చూడగానే చెప్పేయొచ్చు (అవి 1/3, −2).

అదే 150 గజాల ప్లాటుకు ప్రహరీ 140 అడుగులే అని ఎవరైనా అంటే? మొత్తం 70, లబ్ధం 1350, తేడా వర్గం 4900 − 5400, అంటే −500. అలాంటి ప్లాటు భూమ్మీద ఉండదు, అడ్వాన్స్ ఇచ్చే ముందు టేపు పట్టించండి.