పికప్‌లో వాక్యూమ్ బూస్టర్ తీసేసి హైడ్రోబూస్ట్ వేసుకోవాలంటే

బ్రేక్ పెడల్‌కి ఇంజన్ వాక్యూమ్‌తో సాయం చేసేది వాక్యూమ్ బూస్టర్, పవర్ స్టీరింగ్ పంప్ ఆయిల్ ప్రెషర్‌తో సాయం చేసేది హైడ్రోబూస్ట్. హైడ్రోబూస్ట్ వేస్తే బండి ఠక్కున ఆగిపోద్ది అనుకుని చాలామంది ఈ పనికి దిగుతారు, ముందు అక్కడే ఒక మాట. బండిని ఆపేది ప్యాడ్లు, డిస్కులు, టైర్లు. బూస్టర్ చేసేదల్లా మీ కాలి బలానికి తోడవ్వడం, అంతే. ప్యాడ్లు గాజులా నున్నగా అయిపోయినా, వాటిని డిస్కుకి నొక్కే కాలిపర్ జామ్ అయినా ఏ బూస్టర్ వేసినా లాభం లేదు. పెడల్ రాయిలా గట్టిగా ఉందంటే ముందు వాక్యూమ్ హోస్, దాని చెక్ వాల్వ్ (గాలిని ఒకవైపే పోనిచ్చేది) చూడండి, హోస్ కాస్త చీలినా ఇదే లక్షణం కనిపిస్తుంది, అది మారిస్తే చిన్న ఖర్చుతో అయిపోతుంది.

మరి ఇది ఎవరికి కావాలి అంటే, ఇంజన్‌లో వాక్యూమే సరిగ్గా రానివాళ్ళకి. పెద్ద క్యామ్ (వాల్వులు తెరిచే షాఫ్ట్) వేసిన పెట్రోల్ ఇంజన్లు, వాక్యూమ్ పంప్ లేకపోతే బూస్టర్ నడవని డీజిల్ ఇంజన్లు, పెద్ద టైర్లు వేసి ట్రైలర్ లాగే బండ్లు. లెక్క చూడండి: వాక్యూమ్ బూస్టర్ లోపలి 10 అంగుళాల డయాఫ్రమ్ (రబ్బరు పొర) అంటే దాదాపు 78 చదరపు అంగుళాలు, 18 అంగుళాల (పాదరసం కొలతలో) వాక్యూమ్ అంటే 9 పీఎస్ఐకి (చదరపు అంగుళానికి పౌండ్లు) కాస్త తక్కువ, అంటే 700 పౌండ్ల లోపు సాయం. అదే వాక్యూమ్ 9 అంగుళాలకి పడిపోతే సాయం కూడా సగానికి పడిపోద్ది. స్టీరింగ్ పంప్ మాత్రం అవసరమైనప్పుడు 1000 పీఎస్ఐ పైనే ఇస్తుంది, అందుకే హైడ్రోబూస్ట్ అంత చిన్నగా ఉండి కూడా అంత పని చేస్తుంది.

పనిచేసే తీరు సింపులే. పంప్ నుంచి వచ్చే ఆయిల్ ముందు బూస్టర్‌లోకి పోయి, అక్కడి నుంచి స్టీరింగ్ గేర్ బాక్స్‌కి పోతుంది. మీరు పెడల్ నొక్కగానే లోపల స్పూల్ వాల్వ్ జరిగి ఆయిల్‌ని పిస్టన్ వెనక్కి మళ్ళిస్తుంది. పక్కన అక్యుములేటర్ ఉంటుంది, ఇంజన్ ఆగిపోయినా బెల్ట్ తెగినా అందులో దాచిన ప్రెషర్‌తో రెండు మూడు సార్లు బ్రేక్ పడుతుంది, ఆ తర్వాత మీ కాలే దిక్కు. ఆ అక్యుములేటర్‌ని విప్పడం, వేడి చేయడం, కొట్టడం అస్సలు వద్దు.

సామాను సంగతి. కొత్త కిట్ కొనొచ్చు, లేదా పాత బండి నుంచి తీసుకోవచ్చు, చెవీ ఆస్ట్రో వ్యాన్ నుంచి, 1996 నుంచి 2004 దాకా వచ్చిన వీ8 మస్టాంగ్ నుంచి తీసి వేసేవాళ్ళు ఎక్కువ. పాతది తీస్తే బూస్టర్ ఒక్కటే పట్టుకొచ్చుకోకండి, బ్రాకెట్, పెడల్ రాడ్, కుదిరితే మాస్టర్ సిలిండర్ (బ్రేక్ ఆయిల్‌ని చక్రాలకి తోసేది), హోసుల ఫిట్టింగులు అన్నీ కలిపి తెచ్చుకోండి, తర్వాత ఒక్క ఫిట్టింగ్ కోసం తిరగడం బూస్టర్ బిగించడం కంటే పెద్ద పని.

తీయడం మొదలెడదాం. మాస్టర్ సిలిండర్ నట్లు రెండూ విప్పి, పైపులు వంగకుండా ఉండేంత జాగా ఉంటే పైపులు విప్పకుండానే దాన్ని పక్కకి జరపండి. లోపల డ్యాష్ కింద పెడల్ పిన్ను క్లిప్ తీసి, ఫైర్‌వాల్ (ఇంజన్‌కీ క్యాబిన్‌కీ మధ్య గోడ) నట్లు విప్పితే పాత బూస్టర్ బయటికొచ్చేస్తుంది. మానిఫోల్డ్ (ఇంజన్‌లోకి గాలి పోయే గొట్టం) మీద దాని వాక్యూమ్ పోర్టుకి గట్టి క్యాప్ పెట్టండి, మర్చిపోతే ఇంజన్ ఐడిల్ పిచ్చెక్కుద్ది.

కొత్తది పెట్టాక బూస్టర్‌కీ మాస్టర్ సిలిండర్‌కీ మధ్య పుష్‌రాడ్ పొడవు చూడండి. ఇక్కడ తొందరపడితే అంతే సంగతులు. రాడ్ కాస్త పొడుగైతే పెడల్ వదిలినా మాస్టర్ పిస్టన్ పూర్తిగా వెనక్కి రాదు, ఆయిల్ తిరిగొచ్చే చిన్న రంధ్రం మూసుకుపోయి బండి నడిచేకొద్దీ బ్రేకులు పట్టేసి వేడెక్కిపోతాయి. పొట్టిదైతే పెడల్ కిందకి దిగిపోతుంది. సన్నటి గ్యాప్ మాత్రమే ఉండాలి. బ్రేక్ లైట్ స్విచ్ కూడా అప్పుడే సర్దుకోండి.

ఇక హోసులు. అసలు ఈ పనిలో తలనొప్పి బూస్టర్ కాదు, ఇవే. రెండు హై ప్రెషర్ హోసులు కావాలి: పంప్ నుంచి బూస్టర్‌కి ఒకటి, బూస్టర్ నుంచి గేర్ బాక్స్‌కి ఒకటి. పాతకాలం బండ్లలో ఫ్లేర్ ఫిట్టింగులు (పైపు చివర వెడల్పు చేసి బిగించేవి), కొత్తవాటిలో ఓ-రింగ్ ఫిట్టింగులు (రబ్బరు రింగు ఉండేవి) ఉంటాయి, రెండూ చూడ్డానికి ఒకేలా ఉన్నా బలవంతంగా తిప్పితే థ్రెడ్ పోద్ది. ఆయిల్ వెనక్కొచ్చే లైన్లు కూడా రెండు, బూస్టర్‌ది ఒకటి, గేర్ బాక్స్‌ది ఒకటి. వీటిని T ఆకారపు జాయింట్ పెట్టి కలిపేయకుండా రెండు రిటర్న్ పోర్టులున్న రిజర్వాయర్ (స్టీరింగ్ ఆయిల్ డబ్బా) వాడండి అని నా గట్టి సలహా, ఎందుకంటే గేర్ బాక్స్ రిటర్న్‌లో వెనక ఒత్తిడి పెరిగితే అది బూస్టర్‌లోకి తన్ని, మీరు కాలు పెట్టకుండానే బ్రేకులు కాస్త పట్టుకునే ప్రమాదముంది. బరువు లాగేవాళ్ళు గేర్ బాక్స్ రిటర్న్‌లో చిన్న కూలర్ పెట్టుకుంటే మంచిది.

ఆయిల్ విషయంలో పొరపాటు రానివ్వకండి. బూస్టర్‌లోకి స్టీరింగ్ ఆయిల్, మాస్టర్ సిలిండర్‌లోకి బ్రేక్ ఆయిల్, ఒకదాంట్లో ఇంకోటి చుక్క కూడా వద్దు. స్టీరింగ్ ఆయిల్ బ్రేకుల్లోకి పోతే రబ్బరు సీళ్ళన్నీ ఉబ్బిపోతాయి, మొత్తం మార్చాల్సిందే.

ఇక స్టీరింగ్ ఆయిల్‌లో గాలి తీయడం. బండి ముందువైపు చక్రాలు జాకీ ఎక్కించి స్టాండ్ల మీద పెట్టండి, జాకీ మీదే వదిలేసి కింద దూరొద్దు. రిజర్వాయర్ నింపి, ఇంజన్ స్టార్ట్ అవ్వకుండా ఫ్యూయల్ పంప్ ఫ్యూజ్ తీసి కాసేపు క్రాంక్ కొట్టండి, ఆయిల్ దిగిపోతే మళ్ళీ పోయండి. ఆ తర్వాతే స్టార్ట్ చేసి స్టీరింగ్ ఆ చివర నుంచి ఈ చివరకి మెల్లగా తిప్పుతూ మధ్యమధ్యలో పెడల్ నొక్కండి. చివర్లో పట్టుకుని ఉంచకండి, పంప్ అరుస్తుంది. ఆయిల్ నురగలా తెల్లగా అయితే ఇంజన్ ఆపేసి ఓ గంట వదిలేయండి, నురగ దిగాక మళ్ళీ మొదలెట్టండి, ఒక్క రౌండ్‌లో అవ్వదు ఇది.

రోడ్డెక్కే ముందు రెండు టెస్టులు. ఇంజన్ ఆపి పెడల్ గట్టిపడేదాకా చాలాసార్లు నొక్కండి, తర్వాత కాలు పెట్టి ఉంచే స్టార్ట్ చేయండి: పెడల్ కాస్త దిగి, తిరిగి కాలిని పైకి తోస్తే బూస్టర్ పనిచేస్తున్నట్టే. రెండోది, ఇంజన్ నడుస్తుండగా స్టీరింగ్ ఒక చివరకి తిప్పి వెంటనే వదిలి ఇంజన్ ఆపండి, గంట తర్వాత స్టార్ట్ చేయకుండా నొక్కితే కనీసం రెండుసార్లు పెడల్ తేలిగ్గా దిగాలి. దిగట్లేదంటే అక్యుములేటర్ ప్రెషర్ నిలుపుకోవట్లేదు, దాంతో రోడ్డెక్కకండి. రెండూ పాసయ్యాకే ఖాళీ జాగాలో నెమ్మదిగా నడిపి, వచ్చాక ప్రతి ఫిట్టింగ్ దగ్గరా వేలు పెట్టి తడి ఉందేమో చూడండి. ఎక్కడైనా మళ్ళీ విప్పాల్సి వస్తే ఇంజన్ ఆపి ఓ 20 సార్లు పెడల్ నొక్కి ప్రెషర్ మొత్తం దింపాకే స్పానర్ పట్టుకోండి.