పాయింట్ 22 రైఫిలుకు జీరో దూరం ఎంచుకోవడం ఎలా

ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి వైపు పాయింట్ 22 రైఫిలుతో (గొట్టం లోపలి వ్యాసం సుమారు 0.22 అంగుళం) కొత్తగా సాధన మొదలుపెట్టేవారిలో చాలామంది, రేంజి ఎంత పొడవుంటే అంత దూరానికే స్కోపును (గురిచూసే దుర్భిణిని) జీరో చేయాలని, అంటే ఆ దూరంలో గురిపెట్టిన చోటే గుండు తగిలేలా సరిచేయాలని అనుకుంటారు. అది పొరపాటు. మీ గుండ్లలో ఎక్కువ భాగం ఏ దూరంలో పేలుస్తారో చూసుకుని, ఆ దూరానికే జీరో చేయాలి. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో స్వప్నిల్ కుసాలేకు కాంస్యం దక్కిన త్రీ పొజిషన్స్ (మోకాలిపై, పడుకుని, నిలబడి పేల్చే) రైఫిల్ పోటీ 50 మీటర్లలో జరుగుతుంది. అక్కడ పదో వలయం వ్యాసం 10.4 మిల్లీమీటర్లే, స్కోపులకు అనుమతి లేదు. అలాంటి పోటీకి తయారయ్యేవారు ఎపర్చర్ సైటును (చిన్న రంధ్రంలోంచి గురిచూసే సాధనాన్ని) 50 మీటర్లకు సరిచేసుకుంటే చాలు. ఏ దూరమన్న ప్రశ్నే వారికి రాదు.

స్కోపు వాడేవారికి మాత్రం లెక్క అవసరం. గొట్టం మధ్యరేఖకు స్కోపు సుమారు 38 మిల్లీమీటర్ల ఎత్తులో ఉంటుంది కాబట్టి, గుండు చూపురేఖకు కింద బయలుదేరి, దాన్ని దాటి పైకి వెళ్లి, మళ్లీ కిందికి దిగుతుంది. సెకనుకు సుమారు 325 మీటర్ల వేగంతో వెళ్లే 40 గ్రెయిన్ల (సుమారు 2.6 గ్రాముల) గుండున్న సాధారణ తూటాతో 50 మీటర్లకు జీరో చేస్తే, గుండు మొదట 15 మీటర్ల దగ్గరే చూపురేఖను దాటుతుంది. 25 మీటర్ల వద్ద ఒకటిన్నర సెంటీమీటర్లు పైన, 75 వద్ద 8 కింద, 100 వద్ద దాదాపు 23 సెంటీమీటర్లు కింద తగులుతుంది. అంటే సుమారు 10 నుంచి 55 మీటర్ల వరకు ఎక్కడ పేల్చినా తేడా రెండు సెంటీమీటర్లు దాటదు. అదే 100 మీటర్లకు జీరో చేస్తే 50 వద్ద గుండు 11 సెంటీమీటర్లకు పైగా ఎత్తున తగులుతుంది. దగ్గరి గురికి అది చికాకే. 25 మీటర్ల జీరోతో 50 వద్ద మూడు సెంటీమీటర్లు కిందికి పోతుంది కనుక, ఇరుకైన రేంజిలో చిన్న డబ్బాలను, నాణేలంత గురులను కొట్టేవారికే అది నప్పుతుంది. నా మట్టుకు నేను 50 మీటర్లనే సిఫారసు చేస్తాను. అయితే తూటాల పెట్టెల మీద, స్కోపు పుస్తకాల్లో లెక్కలు తరచు గజాల్లో ఉంటాయి. 50 గజాలంటే 45.7 మీటర్లేనని గుర్తుంచుకోవాలి.

పని ఉదయాన్నే మొదలుపెట్టడం మేలు. గోపాలపురం వైపు నుంచి వచ్చే సముద్రపు గాలి మధ్యాహ్నానికి పుంజుకుంటుంది. గంటకు 15 కిలోమీటర్ల అడ్డగాలి 50 మీటర్లలోనే ఈ గుండును రెండున్నర, మూడు సెంటీమీటర్లు పక్కకు నెడుతుంది. ఆ సమయంలో చేసిన జీరోలో గాలి కూడా కలిసిపోతుంది. రైఫిలును ఇసుక సంచి మీద ఆనించి, ముందుగా 25 మీటర్ల వద్ద ఐదు గుండ్లు పేల్చి, వాటి గుంపు మధ్యబిందువు గురికి ఒకటిన్నర సెంటీమీటర్లు పైకి వచ్చేలా స్కోపు మరను తిప్పి, ఆ తరువాతే 50 మీటర్లకు వెళ్లాలి. పావు నిమిషపు (ఇక్కడ నిమిషమంటే కోణంలో డిగ్రీకి అరవయ్యో వంతు) క్లిక్కులున్న స్కోపులో ఒక్క క్లిక్కు 25 మీటర్ల వద్ద 1.8, 50 వద్ద 3.6 మిల్లీమీటర్లు జరుపుతుంది. ఒక్కో గుండుకూ తిప్పుతూ పోతే ఎన్నటికీ కుదరదు. గుంపును చూసే తిప్పాలి.

తుపాకీతో రాష్ట్ర సరిహద్దు దాటి ఇచ్ఛాపురం వైపు వెళ్లేవారు లైసెన్సులో రాసిన చెల్లుబాటు ప్రాంతాన్ని ముందే చూసుకోవాలి. చేలో పడే పందుల మీదికి ఈ జీరో పనికొస్తుందా అని అడిగేవారికి జవాబు ఒక్కటే: అనుమతి లేని వేట 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం, పైగా ఈ చిన్న గుండు పందిని గాయపరిచి వదిలేస్తుంది.

ఇక తూటా మారితే జీరో కూడా మారుతుంది. ఒకే కంపెనీ తూటాలైనా లాటు (ఒకేసారి తయారైన విడత) మారితే గుంపు జరగవచ్చు. అధిక వేగపు రకానికి మారితే తప్పకుండా జరుగుతుంది. అందుచేత కుదిరిన రకాన్ని ఒకే లాటులో వీలైనన్ని పెట్టెలు తీసుకుని, లాటు సంఖ్యను, ఆ రోజు ఎండ తీవ్రతను జీరో దూరంతో పాటు పుస్తకంలో రాసుకోవాలి. కొత్త పెట్టె తెరిచినప్పుడల్లా 50 మీటర్ల వద్ద ఐదు గుండ్లు పేల్చి సరిచూసుకోవాలి.