శాటిలైట్ మ్యాప్‌లో లీనా నది దారి పట్టుకోవడం ఎలా?

ఫోన్‌లో మ్యాప్ తెరిచి, శాటిలైట్ వ్యూ పెట్టి, సైబీరియాలోని బైకాల్ సరస్సు దగ్గరికి వెళ్లండి. దాని పడమటి ఒడ్డు కొండల్లోనే లీనా పుడుతుంది. సరస్సు అంత దగ్గరున్నా అందులో కలవదు. కొండలకు అవతలి వైపు దిగి, దాదాపు 4,300 కిలోమీటర్లు ప్రయాణించి లాప్టెవ్ సముద్రం చేరుతుంది. ప్రధాన నది మీద ఎక్కడా ఒక్క డ్యామ్ కూడా లేదు. నది సహజంగా ఎలా పారుతుందో చూడాలంటే నేను ముందు లీనానే చూడమంటాను.

దారి పట్టుకునే ముందు గట్లు తేల్చుకోండి. నీళ్లు పోయే వైపు తిరిగి నిలబడితే కుడిచేతి వైపుది కుడి గట్టు. లీనా ఉత్తరానికి పోతుంది కాబట్టి, మొత్తం మీద తూర్పు గట్టే కుడి గట్టు.

ఇప్పుడు ఊర్లు పట్టుకుని వెళ్లండి. ఉస్త్-కూత్ దగ్గర రైలు దారి నదిని అందుకుంటుంది, పెద్ద రేవు ఉంది. ఆ తర్వాత కుడి నుంచి వితిమ్, ఒల్యోక్మా కలుస్తాయి. ఎడమ గట్టున యాకూత్స్క్ నగరం. అది దాటాక కుడి నుంచి అల్దాన్, ఎడమ నుంచి విల్యూయి వస్తాయి. తూర్పున వెర్ఖోయాన్స్క్ పర్వతాలు అడ్డుండటంతో నది వాటి పక్కనే ఉత్తరానికి సాగుతుంది.

మీ యాప్‌లో పాత తేదీల చిత్రాలు ఉంటే మే నెలవి తప్పకుండా చూడండి. లీనాలో అసలు సంగతి అక్కడే ఉంది. దక్షిణాన ఎగువ భాగంలో మంచు ముందు కరుగుతుంది. ఆ నీళ్లు కిందికి వచ్చేసరికి దిగువన నది ఇంకా గడ్డకట్టే ఉంటుంది. విరిగిన మంచు పలకలు మలుపుల్లో, లంకల దగ్గర ఒకదాని మీద ఒకటి ఎక్కి దారి మూసేస్తాయి. వెనక నీటిమట్టం చూస్తుండగానే పెరిగిపోతుంది. 2001 మే నెలలో లెన్స్క్ పట్టణం ఇలాగే మునిగింది. మంచు అడ్డు పగలగొట్టడానికి విమానాలతో బాంబులు వేయాల్సి వచ్చింది. ఈ ఊరు వితిమ్, ఒల్యోక్మా సంగమాల మధ్య ఎడమ గట్టున ఉంటుంది. జూమ్ చేసి, ఇళ్లు నీటికి ఎంత దగ్గరున్నాయో చూడండి.

చివరగా డెల్టా. స్తోల్బ్ అనే రాతి దీవి వెతకండి. ధవళేశ్వరం దిగువన గోదావరి చీలినట్టే, లీనా ఇక్కడ పాయలవుతుంది. ఎక్కువ నీళ్లు త్రోఫిమోవ్ పాయలో పోతాయి. తూర్పుకు తిరిగే బికోవ్ పాయ వెంట వెళితే తీక్సీ రేవు వైపు చేరతారు. డెల్టా మాత్రం జులై, ఆగస్టు చిత్రాల్లోనే చూడండి. ఏడాదిలో ఏడు నెలలకు పైగా అదంతా గడ్డకట్టి ఉంటుంది కాబట్టి, మిగతా సమయంలో పాయలు విడివిడిగా కనబడటం కష్టం.