ఒకే కొనుగోలుదారు మీద నడిచే చిన్న షేరును పరిశీలించే పద్ధతి

గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ ఏజెంటు తన టిక్కీలన్నీ (మిర్చి బస్తాలన్నీ) ఒకే ఎగుమతిదారుకు అమ్ముతున్నాడని తెలిస్తే, సరుకు దించే ముందే రైతు ఆ ఎగుమతిదారు డబ్బు ఎన్నాళ్లకు ఇస్తాడో వాకబు చేస్తాడు. అదే ఇంట్లోని చదువుకున్న పిల్లలు పదిహేను, ఇరవై రూపాయల షేరును వాట్సాప్ సందేశం చూసి కొనేస్తున్నారు. సరుకులో ఎక్కువ భాగాన్ని ఒకే కొనుగోలుదారుకు అమ్మే చిన్న కంపెనీ షేరు విషయంలోనూ ఆ వాకబు చేయవచ్చు. కావలసిన కాగితాలలో చాలా వరకు ఉచితంగానే దొరుకుతాయి.

ముందుగా బీఎస్ఈ (బొంబాయి స్టాక్ ఎక్స్ఛేంజీ) వెబ్‌సైటు నుంచి కంపెనీ వార్షిక నివేదికను తీసుకుని, ఆర్థిక పట్టికల వెనుక ఉండే సెగ్మెంట్ నోట్‌ను (వ్యాపార విభాగాల వారీ వివరణను) చదవండి. మొత్తం ఆదాయంలో 10 శాతం లేదా అంతకు మించి ఒకే కొనుగోలుదారు నుంచి వస్తే ఆ సంగతిని, ఆ మొత్తాన్ని వెల్లడించాలని ఇండ్ ఏఎస్ 108 అనే భారతీయ అకౌంటింగ్ ప్రమాణం చెబుతుంది. పేరు చెప్పనవసరం లేదు కనుక, దానిని కంపెనీ ప్రకటనల నుంచీ అప్పు తీర్చే సత్తాను అంచనా వేసే క్రెడిట్ రేటింగ్ సంస్థలు ఉచితంగా ప్రచురించే వివరణల నుంచీ రాబట్టాలి. ఎక్స్ఛేంజీలలో చిన్న, మధ్య తరహా కంపెనీల కోసం ఉన్న ఎస్ఎంఈ వేదికపై నమోదైన కంపెనీలు పాత అకౌంటింగ్ ప్రమాణాలను అనుసరించవచ్చు. అటువంటి చోట, షేర్లను తొలిసారి అమ్మేటప్పుడు ఇచ్చిన ప్రాస్పెక్టస్‌లోని రిస్కుల అధ్యాయమే ఆధారం.

పేరు తెలిశాక ఆ కొనుగోలుదారు ప్రమోటర్లకు (కంపెనీని నడిపించే యజమానులకు) సంబంధించిన సంస్థ అవునో కాదో వార్షిక నివేదికలోని రిలేటెడ్ పార్టీ నోట్‌లో చూడాలి. ఒప్పందం ఎన్నేళ్లదో, కనీస కొనుగోలుకు హామీ ఉందో, లేక ఎప్పటికప్పుడు ఇచ్చే ఆర్డర్లేనో తెలుసుకోవాలి. కొనుగోలుదారు లిస్టెడ్ కంపెనీ అయితే దాని ఫలితాలను కూడా చదవండి. సరుకు వాహనాల విడిభాగాలైతే, విజయవాడ ఆటోనగర్‌లో ఆ వ్యాపారం చేసేవారిని అడిగితే అదే సరుకు ఇంకెవరు సరఫరా చేస్తున్నారో తెలిసే అవకాశం ఉంది.

నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైనది బాకీల పట్టిక. 2021-22 నుంచి రావలసిన బాకీలను ఆరు నెలల లోపు, ఏడాది లోపు, రెండేళ్లు, మూడేళ్లు, ఆపైన అని వయసు వారీగా చూపడం తప్పనిసరి. ఏడాది అమ్మకం రూ.50 కోట్లు ఉండి, బాకీలు రూ.18 కోట్లు ఉంటే సగటున 131 రోజుల డబ్బు బయట ఉన్నట్టు. గడువు 60 రోజులని చెబుతున్న కంపెనీలో ఈ సంఖ్య కనిపిస్తే, లాభం కాగితం మీద ఉందే గానీ బ్యాంకులో లేదని అనుమానించాలి. కార్యకలాపాల నగదు ప్రవాహాన్ని (వ్యాపారం నుంచి నిజంగా చేతికి వచ్చిన నగదును) నికర లాభంతో పోల్చితే ఆ అనుమానం తేలుతుంది.

తరువాత ఒక లెక్క వేయండి. రూ.50 కోట్ల అమ్మకంలో ముడిసరుకు వంటి మారే ఖర్చులు రూ.30 కోట్లు, జీతాలు, వడ్డీ వంటి స్థిర ఖర్చులు రూ.15 కోట్లు, లాభం రూ.5 కోట్లు అనుకుందాం. అమ్మకంలో రూ.36 కోట్లు ఒక్కరివే అయి, వారు సగం తగ్గిస్తే అమ్మకం రూ.32 కోట్లకు, మారే ఖర్చు రూ.19.2 కోట్లకు దిగుతుంది. స్థిర ఖర్చు మాత్రం దిగదు కాబట్టి రూ.2.2 కోట్ల నష్టం మిగులుతుంది. ఆ నష్టాన్ని ఎన్నేళ్లు భరించగలదో అప్పు, చేతిలోని నగదు చెబుతాయి.

బయటపడే దారిని కూడా ముందే చూసుకోవాలి. ఆ షేరు, స్టాక్ ఎక్స్ఛేంజీలు ట్రేడింగుపై అదనపు ఆంక్షలు పెట్టే ఏఎస్ఎం, జీఎస్ఎం నిఘా జాబితాల్లో ఉందేమో, ప్రమోటర్లు వాటాలను తాకట్టు పెట్టారేమో పరిశీలించండి. 5 శాతం లోయర్ సర్క్యూట్ (ఒక రోజులో ధర పడగల గరిష్ఠ పరిమితి) వరుసగా పది రోజులు పడితే రూ.20 షేరు దాదాపు రూ.12కు దిగుతుంది, ఆ పది రోజుల్లో కొనేవారే దొరకకపోవచ్చు.

కొన్న తర్వాత, ప్రధాన వేదికపై (ఎస్ఎంఈ వేదిక కాకుండా) ఉన్న కంపెనీ సెప్టెంబరు, మార్చి ఫలితాలతో ఇచ్చే బ్యాలెన్స్ షీటులో బాకీలు అమ్మకాల కంటే వేగంగా పెరుగుతున్నాయేమో ప్రతిసారీ సరిచూసుకోండి.