ఓవర్‌క్లాకింగ్ పాఠాలు – 4: రోహిణి కార్తెకు నిలిచే వోల్టేజీ

ఓవర్‌క్లాకింగ్ అంటే ప్రాసెసర్‌ను కంపెనీ పెట్టిన వేగం కన్నా ఎక్కువ వేగంతో నడపడం. పోయిన పాఠంలో రైజెన్ 5 3600 ప్రాసెసర్‌ను ఏమీ మార్చకుండా, దానికి పూర్తి పని పెట్టి స్కోరిచ్చే సినీబెంచ్ ప్రోగ్రామ్‌ను పది నిమిషాలు నడిపి, వేడి ఎంత వచ్చిందో రాసుకోమన్నాం. ఆ కాగితం ముందు పెట్టుకోండి. ప్రాసెసర్ వేడి మాత్రమే రాసి గది వేడి వదిలేసినవాళ్లు ముందుకు పోవద్దు, మళ్లీ కొలవండి. థర్మామీటరు క్యాబినెట్ ముందువైపు, గాలి లోపలికి పోయే చోట ఉండాలి. వెనకాల పెడితే బయటికొచ్చే వేడిగాలిని కొలుస్తారు.

ప్రాసెసర్ మీద బిగించే కూలర్ పనల్లా చిప్‌లోని, అంటే ప్రాసెసర్‌లోని, వేడిని గదిగాలికి అప్పజెప్పడమే. గది పది డిగ్రీలు వేడెక్కితే చిప్ కూడా దాదాపు పది డిగ్రీలు వేడెక్కుతుంది. అందుకే గది మీద చిప్ ఎన్ని డిగ్రీలు ఎక్కుతోందన్నదే మనకు పనికొచ్చే అంకె. దాన్ని ఈ పాఠంలో ‘ఎక్కుడు’ అందాం.

చిప్ తినే కరెంటు వేగాన్ని బట్టి నేరుగా, వోల్టేజీని బట్టి వర్గంగా పెరుగుతుంది. 1.20 వోల్టుల దగ్గర 4.0 గిగాహెర్ట్జ్‌లో నడిచే చిప్‌ను 1.30 వోల్టులిచ్చి 4.2కు తెచ్చామనుకుందాం. వేగం 5 శాతమే పెరిగింది. వేడి మాత్రం 1.05ను 1.17తో హెచ్చిస్తే 1.23, అంటే 23 శాతం పెరిగింది. మొదట ఎక్కుడు 45 ఉంటే ఇప్పుడది 55. డిసెంబరు రాత్రి గది 26 డిగ్రీలుంటే చిప్ 81 చూపిస్తుంది, అంతా బాగుందనిపిస్తుంది. అదే అమరిక రోహిణి కార్తె మధ్యాహ్నం, అనంతపురంలో మిద్దె మీది గదిలో 40 డిగ్రీలున్నప్పుడు 95కు చేరుతుంది. ఈ చిప్‌కు 95 ఆఖరి హద్దు. అక్కడ తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. చలికాలంలో సంపాదించిన 5 శాతం, ఎండాకాలంలో వడ్డీతో సహా పోతుంది.

కాబట్టి మన ప్రాంతానికి మేం పెట్టే లెక్క ఇది: ఎండాకాలం మధ్యాహ్నం కూడా చిప్ 85 దాటకూడదు. 85లోంచి 40 తీసేస్తే 45. మార్పులన్నీ అయ్యాక కూడా ఎక్కుడు అంతలోపే ఉండాలి. ఏమీ మార్చకముందే 45 ఉంటే ముందు కూలర్ సంగతి చూడండి. డబ్బాతో వచ్చిన స్టెల్త్ కూలర్‌తో ఈ పాఠం చేయొద్దు. నాలుగు హీట్‌పైపులు (వేడిని రేకులకు చేరవేసే గొట్టాలు), 120 మిల్లీమీటర్ల ఫ్యాను ఉన్న నిలువు కూలర్ వేసి ఎక్కుడును 35కు దించగలిగితే, 23 శాతం కలిపినా 43 దగ్గర ఆగుతుంది. పాత కూలర్ తీసేముందు కంప్యూటర్‌ను కాసేపు పనిచేయించి చిప్‌కూ కూలర్‌కూ మధ్య పూసిన పేస్టును వెచ్చబడనివ్వండి. ఆ తర్వాత ఆఫ్ చేసి, ప్లగ్గు పీకి, కూలర్‌ను అటూ ఇటూ మెల్లగా తిప్పుతూ ఎత్తాలి. చల్లగా ఉన్నప్పుడు నేరుగా పైకి లాగితే ఎండిన పేస్టుకు అతుక్కుని ప్రాసెసర్ కూడా సాకెట్‌లోంచి ఊడి వస్తుంది, కాళ్లు వంగుతాయి.

ఇక బయాస్‌లోకి, అంటే కంప్యూటర్ ఆన్ అవుతుండగానే తెరిచే మదర్‌బోర్డు అమరికల్లోకి. ముందు అన్నీ ఫ్యాక్టరీ అమరికకు తెచ్చి, ఎక్స్‌ఎంపీ (ర్యామ్‌ను ఎక్కువ వేగంతో నడిపే అమరిక) ఆపేయండి. లేకపోతే తప్పు ర్యామ్‌దో ప్రాసెసర్‌దో తేలదు. మల్టిప్లయర్ 40 (100 మెగాహెర్ట్జ్‌కు 40 రెట్లు, అంటే 4.0 గిగాహెర్ట్జ్), కోర్ వోల్టేజీ మాన్యువల్‌లో 1.200 పెట్టి ఎఫ్10తో సేవ్ చేయండి. మల్టిప్లయర్‌ను చేత్తో పెట్టిన క్షణం నుంచి చిప్ మామూలుగా పాటించే 88 వాట్ల హద్దు పనిచేయదు. అడిగినంతా లాగుతుంది. వోల్టేజీని ‘ఆటో’లో వదలొద్దని పాఠం పాఠానికీ చెప్పేది ఇందుకే: ఆటోలో కొన్ని బోర్డులు అవసరానికి మించి ఇస్తాయి.

పది నిమిషాలు సినీబెంచ్ నడపండి. గది వేడి, చిప్ వేడి, లోడులో (చిప్ పూర్తి పనిలో) ఉన్న వోల్టేజీ, స్కోరు, ఈ నాలుగూ రాయండి. చిప్ వేడికి హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే కొలత ప్రోగ్రామ్‌లో ‘టీడై’ అన్న వరస చూడాలి. నిలిస్తే మల్టిప్లయర్ 0.25 పెంచండి, అంటే 25 మెగాహెర్ట్జ్. నిలవకపోతే 0.0125 వోల్టు పెంచండి. రెండూ ఒకేసారి పెంచొద్దు. 1.30 దగ్గర ఆగిపోండి. ఆ పైన వచ్చే వేగం, పడే వేడికి సరిపోదు.

స్కోరు ఎందుకు రాయాలంటే, వోల్టేజీ చాలనప్పుడు ఈ తరం రైజెన్ ఒక్కోసారి కూలిపోదు. తెర మీద 4.2 అనే చూపిస్తూ లోపల మెల్లగా నడుస్తుంది. అంకె పెరిగి స్కోరు తగ్గిందంటే, అది కూలిపోయినట్టే లెక్కేసుకుని వోల్టేజీ చూసుకోండి.

కూలిపోయే తీరును బట్టి జబ్బు తెలుస్తుంది. ఇది నేర్చుకుంటే సగం విద్య వచ్చినట్టే. మొదటి నిమిషంలోనే, చిప్ ఇంకా 65 దగ్గరుండగా బ్లూ స్క్రీన్ వస్తే వోల్టేజీ చాలలేదు. కొన్ని నిమిషాలు బాగా నడిచి, వేడి పెరిగేకొద్దీ ఎక్కడో పడిపోతే మూలం వేడి. కాగిన చిప్ అదే వేగానికి ఇంకాస్త వోల్టేజీ అడుగుతుంది. అక్కడ వోల్టేజీ పెంచితే వేడి ఇంకా పెరిగి మళ్లీ మొదటికే వస్తారు, ఒక మెట్టు దిగడమే మంచిది. బ్లూ స్క్రీన్ కూడా లేకుండా దీపం ఆర్పినట్టు మొత్తం ఆగిపోతే ఎస్‌ఎంపీఎస్‌ను (కంప్యూటర్‌కు కరెంటిచ్చే పెట్టెను) అనుమానించండి. ఏమీ పడిపోకపోయినా, విండోస్ తప్పులు రాసుకునే ఈవెంట్ వ్యూయర్‌లో ‘డబ్ల్యూహెచ్‌ఈఏ లాగర్’ పేరుతో 19 నంబరు హెచ్చరికలుంటే, చిప్ తప్పులు చేసి దిద్దుకుంటోందని అర్థం. అలాంటి యంత్రం మీద లెక్కల ఫైళ్లు, పెళ్లి వీడియోలు పెట్టొద్దు.

బయాస్‌లో 1.275 పెడితే లోడులో 1.24 కనిపిస్తుంది. అది లోపం కాదు, లోడు పడ్డప్పుడు వోల్టేజీ కొంత దిగేలా బోర్డును చేసిందే అలా. ఎల్‌ఎల్‌సీ అన్న అమరిక ఆ దిగుడును తగ్గిస్తుంది. అన్నిటికన్నా గట్టిది పెట్టకండి, లోడు తీసిన క్షణంలో వోల్టేజీ మీరు పెట్టినదాన్ని దాటి ఎగురుతుంది. నడిమి మెట్టు చాలు. ఆసుస్ బోర్డుల్లో అంకె పెరిగేకొద్దీ గట్టిపడుతుంది, ఎమ్‌ఎస్‌ఐ, ఆస్‌రాక్‌లలో 1 అంటేనే అన్నిటికన్నా గట్టిది. ఈ తేడా చూసుకోకుండా ఒక బోర్డు అమరికను ఇంకో బోర్డుకు దించితే ప్రమాదం.

చిప్ 75లోనే ఉన్నా వేగం ఉన్నట్టుండి పడిపోతోందా? సాకెట్ పక్కనున్న వీఆర్‌ఎం (చిప్‌కు కావాల్సిన వోల్టేజీని ఇచ్చే భాగం) కాగుతోంది. డబ్బా కూలర్ గాలిని కిందికి ఊదేది కాబట్టి దానికీ కొంత తగిలేది, నిలువు కూలర్ గాలి అటు పోదు. వీఆర్‌ఎం మీద అల్యూమినియం దిమ్మె లేని చవక బోర్డులకు 4.1 చాలు.

దుమ్ము గురించి. ఎర్రగుంట్ల, బేతంచెర్ల వైపు బండల పాలిష్ యూనిట్ల దగ్గరున్నవాళ్లకు రాతిపొడి హీట్‌సింక్ రేకుల మధ్య పూతలా పట్టేస్తుంది. పదిహేను రోజులకోసారి బ్లోయర్ కొట్టాలి. కొట్టేటప్పుడు ఫ్యాను రెక్కను వేలితో పట్టుకోండి, గిర్రున తిరగనివ్వొద్దు. గదిని చల్లబరిచే నీళ్ల కూలర్ ముఖాన్ని క్యాబినెట్ వైపు తిప్పొద్దు. మన బోరునీళ్లతో దాని గడ్డి మీద పేరుకునే తెల్లటి ఉప్పు చూసే ఉంటారు. తుంపరతో అదే బోర్డు మీదికి వస్తుంది. గది చల్లబడితే చాలు, గాలి నేరుగా తగలక్కర్లేదు.

చాలా బోర్డుల్లో అమరికను ప్రొఫైల్‌గా దాచుకోవచ్చు. రెండు దాచండి. చలికాలానికి మీకు నిలిచిన గరిష్ఠం. శివరాత్రి దాటాక వాడేందుకు దానికన్నా 100 మెగాహెర్ట్జ్, 0.05 వోల్టు తక్కువది. ఈ రెండోదాన్ని కూడా ముందు పరీక్షించి నిలిచాకే దాచుకోండి. వచ్చే పాఠానికి మధ్యాహ్నం రెండు, మూడు గంటల మధ్య కిటికీలు ఎప్పటిలాగే ఉంచి, రెండో ప్రొఫైల్‌తో గంటసేపు ప్రైమ్95 అనే పరీక్ష ప్రోగ్రామ్‌లో స్మాల్ ఎఫ్‌ఎఫ్‌టీ నడపండి. సినీబెంచ్ కన్నా ఇది ఎక్కువ కాగిస్తుంది, 90 దాటితే ఆపేయండి. వర్కర్లలో (ఆ ప్రోగ్రామ్ పని పంచుకునే భాగాల్లో) ఏదైనా మధ్యలో ఆగిందేమో చూసి, ఎక్కుడు రాసిపెట్టుకోండి. ర్యామ్ వేగం పెంచేటప్పుడు ఆ అంకెతోనే మొదలుపెడతాం.